బేరం

ఆ రాత్రి లైటు చూసేను.
ముక్క ఇంత చిన్నది,
చెప్పడానికి పంతొమ్మిదేళ్లు పట్టింది.

యారాడ కొండ అవతల, గాలి తిరిగిన వేళ,
నీటి మీద ఒక టార్చి
మూడుసార్లు వెలిగి, ఆరి, మళ్లీ వెలిగింది.
నా బోటు కడుపునిండా రొయ్య.
ఐసు కరిగిపోతోంది, డీజిలు అడుగంటింది.
వెనక సూరాడ వాళ్ల బోటు వస్తోంది కదా,
వాళ్లు చూస్తార్లే అనుకున్నాను.
ముందు మసేను ఉన్నాడు కదా అని
వాళ్లూ అనుకున్నారేమో.
నేనెప్పుడూ అడగలేదు, వాళ్లూ నన్ను అడగలేదు.
హార్బరులో ఎదురుపడితే
వలల గురించే మాట్లాడుకుంటాం.

మూడో రోజు తెప్ప దొరికింది.
తెడ్డు దానయ్య దొరకలేదు.

జాలారిపేట పెద్దలు
వలలారేసే గట్టు మీద కూచోబెట్టి అడిగేరు:
"ఏరా మసేనూ, ఏటైనా అగుపడిందా?"
"లేదు మావా" అన్నాను.
గొంతు వొణకలేదు.
అదే నాకిప్పటికీ భయం.

మా పేటలో తప్పుకి ధర ఉంటుంది.
ఇంకొకడి వల కోస్తే ఇంత,
తాగొచ్చి తిడితే ఇంత.
తువ్వాలు పరిచి డబ్బు పెడితే
పెద్దలు లెక్కపెడతారు, టీలు వస్తాయి.
'తప్పు కట్టేడు' అంటారు. మళ్లీ ఎవరూ ఆ మాట ఎత్తరు.
నాది లెక్కకే రాలేదు,
ఇంక అయిపోవడం ఎక్కడిది?

అప్పట్నించి దానయ్య పెళ్లాం దేసమ్మ గంపలో
రోజూ నాలుగు చేపలు ఎక్కువ వేసేవాణ్ణి.
వేలంలో ఆమె ఎంత పాడితే అక్కడికి కొట్టేసేవాణ్ణి.
"ధర్మాత్ముడివిరా" అన్నారు జనం.
ఆ మాట పడ్డ రోజు అన్నం దిగేది కాదు.

నిద్ర పోయింది.
కూతురు పెదవాల్తేరు ఆస్పత్రికి తీసుకెళ్లింది.
డాక్టరమ్మ చిన్నపిల్ల, మంచిది.
"మిమ్మల్ని మీరు క్షమించుకోవాలి" అంది.
క్షమించడం అనే మాట
మా ఇంట్లో ఎవరూ వాడగా వినలేదు.
మా అమ్మ "పోన్లే" అనేది.
కుండ పగిలినా పోన్లే,
నాన్న కొట్టినా పోన్లే.
పోయినవాడు దానయ్య కదమ్మా,
పోన్లే అనడానికి నేనెవర్ని?
ఇది ఆవిడతో అనలేదు. మాత్రలు తీసుకుని బస్సెక్కేను.

మొన్న వేట నిషేధం ఎత్తేసిన వారం
దేసమ్మ గంప దించి అంది:
"ఆ నాలుగూ తీసీ.
నువ్వు సూసేవని నాకెప్పుడో తెలుసు.
సూడనోడు ఇన్నేళ్లు సేపలియ్యడు.
నీ బరువు నా గంపలో ఎయ్యకు మసేనూ,
మెడ నొప్పెడతంది.
అందరి ముందరా సెప్పు. అంతే."

చెప్పేను.
అదే గట్టు. పెద్దలు మాత్రం మారిపోయేరు.
తువ్వాలు పరిచేను. ఎవరూ ధర చెప్పలేదు.
సూరాడ పోలారావు లేచి, ఏదో అనబోయి,
చుట్ట వెతుక్కుంటూ కూచుండిపోయాడు.
ఖాళీ తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాను.
దేసమ్మ పోన్లే అనలేదు.
ఆమె కొడుకు నా వైపు చూడలేదు,
ఇప్పటికీ చూడడు.

మర్నాడు హార్బరులో
కానాగంతల తట్ట పన్నెండొందలన్నాను.
"ఏటి, దోసుకుంతన్నావా? తొమ్మిదొందలు!"
కన్ను చూడు, మొప్ప చూడు,
నిన్నటి సరుకు నాకంటగడతావా అని అరిచింది.
నేనూ అరిచేను.
పక్క తట్టలవాళ్లు తిరిగి చూసేరు.
పదకొండొందల దగ్గర తెగింది.
చిల్లర ఇచ్చేను.
వేలు నాలిక మీద తడుపుకుని
రెండుసార్లు లెక్కపెట్టుకుంది.